కాలిన రాయి

డన్‌లీ,
ఆదివారం మధ్యాహ్నం

అమ్మకి,

నీ రెండు చేతులూ కళ్ళకద్దుకుని లేస్యా రాస్తున్నది. ఇక్కడ మేమందరం కులాసా. ఈ మాట ముందు రాయకపోతే నువ్వు మిగతాది చదవవు కనుక రాశాను. నీ అల్లుడు గార్త్ కులాసా, రోమా కులాసా, నా మోకాలు కూడా కులాసానే. కులాసాగా ఉండడం వేరు, ఊపిరాడడం వేరు. ఆ సంగతి తర్వాత.

ముందు నీ ప్రశ్నలకి జవాబులు. సోయకూర ఫ్రీజర్లో ఇంకా ఉంది, బీట్‌రూట్ చారు, మన బోర్ష్, కాచినప్పుడల్లా నిన్ను తలుచుకుని పిసరంత వేస్తున్నాను. గార్త్ మంచు తోసే బండి నడపడం మానలేదు, మానడు. ఈ జనవరి అంతా అతను ఇంట్లో కన్నా హైవే మీదే ఎక్కువ ఉన్నాడు. రింక్ కప్పు బాగుచేశారా అని అడిగావు. చేశామన్నారు. మూడో వరస ఐస్ మీద ఇప్పటికీ కారుతోంది. ముసలివాళ్ళూ పిల్లలూ కలిసి ఆడే ఆ ఒక్క షెడ్డు మీద రేకు మార్చడానికి కౌన్సిల్‌కి చేతకాలేదు గానీ, ఊరి పొలిమేరలో కొత్త స్వాగత బోర్డు మాత్రం లేచింది. దాని మీద పరుగెత్తే పిల్లల బొమ్మ, కింద 'చురుకైన ఊరు' అని అక్షరాలు. ఆ బొమ్మలో పిల్లలు పొట్టి లాగులతో ఉన్నారు. బోర్డు మొదలు దగ్గర మంచు నా నడుం దాకా ఉంది.

నీకు చెవి మిషను పెట్టించానని చెల్లి ఒరిస్యా రాసింది. దాన్ని నువ్వు సొరుగులో పడేశావనీ రాసింది. నేను చెప్పబోయేది ఫోన్లో అరిచి చెప్పేది కాదు, అందుకే కాగితం తీసుకున్నాను.

ఊరి పేపర్లో నా కాలమ్ ఎందుకు రావడం లేదని అడిగావు. మూడో పేజీలో నా చోట పశువుల దాణా ప్రకటన ఉంటోందని, దాన్ని కూడా ఒకసారి పూర్తిగా చదివేశావని రాశావు. నవ్వొచ్చింది. రోమా సంగతి రాయడం లేదేమిటి, పోటీలు ఎలా జరిగాయి అని రెండుసార్లు అడిగావు, రెండోసారి కింద గీత కూడా గీశావు. ఈ రెండు ప్రశ్నలకీ జవాబు ఒకటే. కానీ అది చెప్పాలంటే ముందు నీ మనవరాలిని ఏ గదిలో పెట్టారో చెప్పాలి.

బడిలో ఆ జిమ్ గది నీకు తెలుసు. మీ కాలంలో పైన వరసగా కిటికీలు ఉండేవి కదా. వేడి బయటికి పోతోందని వాటిని ఇటుకలతో మూసేశారు. చలి ముదిరాక పిల్లల్ని ఆరుబయటకి వదలరు. కనక నవంబరు నుంచి మార్చి దాకా ఆటల క్లాసంటే ఆ గదే. మీకు ఆటల క్లాసంటే రింక్ మీద మంచు తోయడం, తోసినచోట ఆడుకోవడం. వీళ్ళకి అది ఒక సబ్జెక్టు. అందులో పాసవకుండా హైస్కూలు దాటనివ్వరు. ఊళ్ళో ఇంకో హైస్కూలు లేదు. ఉన్నదానికి ఆటల మాస్టారు ఒక్కడే, డెలోర్మ్ అని, మనకి పాలు పోసిన డెలోర్మ్ మనవడు. రింక్ మీద ఆడే కర్లింగ్ జట్టుకి కోచ్ కూడా అతనే. అంటే రోమాకి ఎటు తిరిగినా ఒకే తలుపు.

ఈ ఏడు, బళ్ళ మీద పెత్తనం చేసే డివిజన్ ఆఫీసు వాళ్ళు అన్ని బళ్ళకీ బీప్ పరుగు తప్పనిసరి చేశారు. నేల మీద ఈ చివర ఒక గీత, ఆ చివర ఒక గీత. స్పీకరు బీప్ అంటుంది. మళ్ళీ బీప్ అనేలోగా అవతలి గీత దాటాలి. పోనుపోను బీప్‌లు దగ్గరవుతాయి. అందుకోలేనివాళ్ళు ఆగి, వెళ్ళి గోడకి చేరగిలబడి కూర్చోవాలి. మిగిలినవాళ్ళు పరిగెత్తుతుంటే వీళ్ళు చూడాలి, వీళ్ళు కూర్చుంటే వాళ్ళు చూస్తారు. ఎవరు ఎంతసేపు నిలిచారన్నదే మార్కు. దీన్ని ప్రతి మంగళవారం పెట్టి, ఎవరు మెరుగయ్యారో నెలకోసారి ఆఫీసుకి పంపాలి.

రోమా నీ పోలిక. నీ భుజాలు, నీ నడుము, నీ అడుగు. నిలబడితే ఎవరూ కదపలేరు, కానీ పిచ్చుకలా అటూ ఇటూ గెంతమంటే గెంతలేదు. గోడ దగ్గరకి మొదట చేరేది ఎప్పుడూ అదే. కోల్టన్ అని ఒక కుర్రాడున్నాడు, దాణా కొట్టు వాళ్ళబ్బాయి. "రోమా, నువ్వు రాని రోజు గోడ పడిపోతుందేమోనే" అన్నాట్ట. "పడితే నీ మీద పడేట్టు చూస్తాలే" అందట ఇది. ఈ మాట అన్నం దగ్గర చెప్పి నవ్వించింది కూడా. కానీ బీప్ పరుగు ఉన్న మంగళవారం పొద్దున బాత్రూంలో కుళాయి తిప్పి, ఆ చప్పుడు మాటున వాంతి చేసుకుంటుంది. కుళాయి ఎందుకు తిప్పుతుందో తెలుసుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది.

అదే పిల్లని ఐస్ మీద చూడమ్మా. జట్టులో ఒకరు రాయిని ఐస్ మీద జార్చి వదులుతారు. అది గిరగిర తిరుగుతూ అవతలి చివరి వలయాల వైపు వస్తుంటే, దాని ముందు వంగి, పక్కకి అడుగులేస్తూ, రాయి జోరు తగ్గకుండా చీపురుతో ఒడుపుగా ఐస్‌ని రుద్దుకుంటూ పోతుంది రోమా. మనం చీపురు అనేవాళ్ళం, వీళ్ళు బ్రష్ అంటున్నారు. చీపురులా ఇప్పుడు లేదులే. కెప్టెన్ "ఊడ్చు, ఊడ్చు" అని అరుస్తుంటే దాని ఒంట్లోంచి ఆవిర్లు లేస్తాయి, ఉన్ని టోపీ ఎప్పుడు ఎగిరిపోయిందో తెలియదు. రాయి వెళ్ళి వలయాల మధ్యన, మనం ఇల్లు అనే చోట, ఆగాలనుకున్న చోట ఆగాక అది నడుం పట్టుకుని నవ్వుతుంది. గుండె కొట్టుకోవడమంటే అది. చెమటంటే అది. దానికి ఎవరూ మార్కు వేయరు. ఆటల క్లాసులో కర్లింగ్ నేర్పొచ్చు కదా అంటే, రింక్ బడి ఆవరణలోది కాదు, బీమా వర్తించదు అంటారు.

పాఠ్యప్రణాళిక మొదటి పేజీ తెప్పించి చదివాను. విద్యార్థి జీవితాంతం కదలికని ఆనందించేలా చేయడం తమ లక్ష్యం అని ఉంది. ఆనందించేలా. ఆ మాట రాసినవాడు ఆ గదిలో ఒక్క మంగళవారం గోడకి ఆనుకుని కూర్చుంటే బాగుండును. పధ్నాలుగేళ్ళ పిల్లలకి కదలడమంటే గిట్టదట, ఫోన్లకి అతుక్కుపోయారట, మీటింగుల్లో తలలూపుకుంటూ చెబుతారు. ఈత కొలను పూడ్చింది ఎవరు? సాయంత్రం ఆటలకి ఉండే పల్లె పిల్లల కోసం నడిచే ఆఖరి బస్సు తీసేసింది ఎవరు? కిటికీలు మూసింది ఎవరు? ఒక్కొక్కటే మూసుకుంటూ వచ్చి, చివరికి పిల్లల ఊపిరి కొలవడానికి స్పీకరు పెట్టారు. కొలిచి, ఊపిరి తగ్గిందని పిల్లల్నే తప్పుపడుతున్నారు. నీకేది ఇష్టమని ఆ క్లాసులో ఒక్క పిల్లని కూడా అడిగిన పాపాన పోలేదు.

ఇదంతా ప్రిన్సిపాల్ పెన్నర్ గారి దగ్గర కూడా మాట్లాడాను. ఆవిడ ఓపిగ్గా వింది. ఓపిగ్గా వినేవాళ్ళంటే నాకు భయం. "లేస్యా గారూ, మీరు చెప్పినదాంట్లో నాకు తప్పేమీ కనబడలేదు. కానీ అంకెలు పంపకపోతే వచ్చే ఏడు ఆ ఒక్క మాస్టారిని కూడా ఉంచరు. అప్పుడు ఆడడానికి గది కూడా ఉండదు" అంది. తలుపు దాకా వచ్చి సాగనంపింది కూడా.

ఇంటికొచ్చి కాలమ్ రాశాను. బాగా రాశాననే అనుకున్నాను. పేరు పెట్టలేదు, 'నాకు తెలిసిన ఒక అమ్మాయి' అన్నాను. నాకు తెలిసిన అమ్మాయి ఎవరో ఈ ఊళ్ళో తెలియనిది ఎవరికి? ఆ శుక్రవారం బడి బస్సులో కోల్టన్ దాన్ని పైకి చదివాడట, వాంతి సంగతితో సహా. అవునమ్మా, అది కూడా రాశాను. రాసేటప్పుడు అది నాకు రుజువులా కనబడింది.

రోమా అరవలేదు. బూట్ల మంచు కూడా దులుపుకోకుండా వచ్చి వంటింట్లో నిలబడింది.

"అమ్మా, నువ్వు వాళ్ళతో పోట్లాడు, కాదనను. కానీ నన్ను కర్రలా పట్టుకుని కొట్టకు వాళ్ళని."

ఇంకెప్పుడూ బడి గురించి గానీ, ఆటల క్లాసు గురించి గానీ, తన గురించి గానీ రాయనని మాట తీసుకుంది. ఇచ్చాను. అందుకే మూడో పేజీలో దాణా. ముప్పై ఏళ్ళుగా నాకు చేతనైన పని ఒక్కటే, అది కూడా పోయింది. పెన్నర్ గారి దగ్గర మాట పోయింది, పేపర్లో చోటు పోయింది, పిల్ల మాత్రం మంగళవారం మంగళవారం ఆ గదిలోకి వెళ్తూనే ఉంది. బయట మైనస్ ముప్పై. ఆ రోజుల్లో నేను ఇంట్లో ఒక గదిలోంచి ఇంకో గదిలోకి ఊరికే తిరిగేదాన్ని.

తర్వాత ఒక మంగళవారం డెలోర్మ్ దాన్ని పిలిచి, ఇక నువ్వు పరిగెత్తక్కర్లేదు, పక్కన కూర్చుని పుస్తకం చదువుకో అన్నాడు. ఎందుకని ఇది అడగలేదు. వరం వచ్చినప్పుడు ఎవరు అడుగుతారు. ఆ సాయంత్రం రెండు గిన్నెల బోర్ష్ తాగింది. నేను పొయ్యి వైపు తిరిగి నిలబడ్డాను.

ఆ గురువారం రింక్‌లో జట్టు పేర్లు చదివారు. జిల్లా పోటీలు ఆ శనివారమే. రోమా పేరు లేదు. డెలోర్మ్ దీన్ని పక్కకి తీసుకెళ్ళి చాలా మెత్తగా చెప్పాడట: ఆ షెడ్డులో చలిగాలి నీకు పడదు, ఊడ్చడానికి పరుగుకన్నా ఎక్కువ ఊపిరి కావాలి, నీకేమైనా అయితే నేను తట్టుకోలేను, ఈ ఏడాదికి వద్దు తల్లీ, అని.

ఇంటికొచ్చి ఎదురుగా కూర్చుంది.

"నాకు ఆయాసం ఉందా అమ్మా?"

ఇదీ నేను చెప్పాల్సింది. ఇంత దూరం లాక్కొచ్చాను, ఇంక రాయక తప్పదు. డెలోర్మ్‌కి ఫోన్ చేసింది నేను. రోమాకి ఆయాసం, పరిగెత్తితే ఊపిరి పట్టేస్తోంది, డాక్టరు చూస్తున్నాడు అని చెప్పింది నేను. ఒక్క నిమిషం పట్టలేదు. అతను అయ్యో అన్నాడు, ముందే చెబితే ఇన్నాళ్ళు పరిగెత్తించేవాణ్ణి కాదు కదా అన్నాడు. ఫోన్ పెట్టేశాక నాకు సిగ్గు వేయలేదమ్మా, హాయిగా అనిపించింది. అన్ని తలుపులూ మూసినవాళ్ళకి నిజం చెప్పాల్సిన బాకీ నాకు లేదనుకున్నాను. నేను తెరిచిన ఆ చిన్న కంతలోంచి పిల్ల బయటపడుతుందనుకున్నాను. అది దాన్ని తెచ్చి ఐస్ బయట పడేసింది.

రోమాకి అంతా చెప్పాను. చెప్పి, దిద్దేస్తానన్నాను. రేపు పొద్దున్నే ఫోన్ చేసి, డాక్టరు మళ్ళీ చూశాడు, ఏమీ లేదన్నాడు అని చెబుతానన్నాను. అది నన్ను చూసిన చూపు ఎక్కడిదో నాకు తెలుసు. అది నీ చూపు.

"రాయికి నీ చీపురు తగిలిందమ్మా. ఇంకోసారి తగిలించి సరిచేస్తానంటావేంటి?"

బ్రష్ అనలేదు, చీపురు అంది.

నాకు ఏడేళ్ళప్పుడు మూడో వరస మీదే కదా నువ్వు నేర్పింది. కదిలే రాయికి మన చీపురు గానీ కాలు గానీ తగిలితే ఆ రాయి కాలినట్టే. ఎవరూ చూడకపోయినా, తగిలినవాళ్ళే చెయ్యెత్తి చెప్పాలి. అంపైరు ఉండడు. చెప్పాక ఆ రాయిని తీసేయాలా, ఉన్నచోటే ఉంచాలా, అవతలి కెప్టెన్ ఇష్టం. మనం నోరెత్తకూడదు. నా గొంతు ఊళ్ళోకెల్లా పెద్దదని అందరూ అంటారు, కానీ ఐస్ మీద నేను చెయ్యెత్తిన ప్రతిసారీ నువ్వు చూసి తలూపేదానివి, అలాంటి మెప్పు నాకు ఏ కాలమ్‌కీ రాలేదు. అదే ఆట నువ్వు రోమాకీ నేర్పి వెళ్ళావు.

శుక్రవారం పొద్దున బడి మొదలవకముందే రోమా జిమ్ గదికి వెళ్ళింది. నన్ను రావద్దంది. డెలోర్మ్ బంతులకి గాలి కొట్టుకుంటున్నాడట.

"సార్, రాయి కాలింది. మా వైపు."

అతను కర్లింగ్ ఇంట్లో పుట్టినవాడు, ఇంకేమీ అడగలేదట. చేతిలో బంతి కింద పెట్టి, "సరే, అవతలి కెప్టెన్ని నేనేగా. శనివారం ఆడు. మంగళవారం పరిగెత్తు" అన్నాడట.

శనివారం ఆడింది. మూడో ఆటలో ఓడిపోయారు. నేను గ్యాలరీలో గాజు వెనక కూర్చున్నాను. ఆఖరి రాయికి దారి చేస్తూ ఊడ్చి ఊడ్చి, ఓడిన జట్టులోని మనిషిలా కాక గెలిచినదానిలా వచ్చింది. నీకు ఫొటో పంపమంది, ఈ కవర్లో పెట్టాను. టోపీ చూడు, ఎవరిదో గుర్తుపడతావు.

మంగళవారం నేను బడికి వెళ్ళాను. రోమా తన వైపుది చెప్పేసింది, నా వైపుది నేను చెప్పాలి కదా. వెళ్ళేసరికి పరుగు మొదలైపోయింది. జిమ్ తలుపుకి తీగ అల్లిన చిన్న అద్దం ఉంది, దాని దగ్గర నిలబడిపోయాను. లోపల ఇటుకల గోడలు, ట్యూబు లైట్లు, ఆ బీప్. పొద్దున అది కుళాయి తిప్పడం నేను విన్నాను. ఏమీ అనకుండా టీ కలిపి ఇచ్చాను.

బీప్‌కి బీప్‌కి మధ్య పిల్లలు ఏం చేస్తున్నారో అక్కడి నుంచి బాగా కనిపించిందమ్మా. గీత దాకా వెళ్ళడం లేదు. అడుగు ముందే వెనక్కి తిరుగుతున్నారు. దాదాపు అందరూ. డెలోర్మ్ మార్కులు రాసుకునే అట్ట చూసుకుంటున్నాడు, చూసీ చూడనట్టున్నాడు. పిల్లలు బతకడం నేర్చుకున్నారు, అంతే. రోమా కూడా ఒక అడుగు తక్కువలో తిరిగింది. తిరిగి, రెండడుగులు వేసి, ఆగిపోయింది. చెయ్యెత్తింది.

"నేను గీత అందుకోలేదు సార్."

ఎవరూ అడగలేదు. ఎవరూ చూడలేదు. వెళ్ళి గోడకి ఆనుకుని కూర్చుంది. ఇంకో రెండు బీప్‌లయ్యాక కోల్టన్ ఆగాడు. నా వైపు వీపు ఉండడం వల్ల మొహం కనిపించలేదు, చెవులు మాత్రం ఎర్రగా ఉన్నాయి. ఏదో తిట్టుకుంటూ చెయ్యి సగం ఎత్తి, వచ్చి దానికి కొంచెం ఎడంగా కూలబడ్డాడు. "గోడ పడకుండా చూస్తున్నావా?" అని రోమా అందట. "నోర్ముయ్యవే" అన్నాట్ట. అంతే. మిగతావాళ్ళు పరిగెత్తుతూనే ఉన్నారు, అడుగు ముందే తిరుగుతూనే ఉన్నారు. స్పీకరు ఆగలేదు. డెలోర్మ్ దాని వైపు ఒకసారి చూశాడు, ఆపలేదు. అతను ఆపలేడు. అద్దం ఇవతల నేనూ తలుపు తోయలేకపోయాను.

గంట కొట్టి పిల్లలు వెళ్ళిపోయాక లోపలికెళ్ళి చెప్పాను. ఆయాసం అబద్ధం, అది నా అబద్ధం, పిల్లది కాదు అని. అతను నవ్వాడు. కోపం వచ్చి ఉంటే బాగుండేది.

"ఈ ఒక్క క్లాసులోనే సగం మందికి ఆయాసం ఉందండీ, లేస్యా గారూ. కొందరికి మోకాలు, కొందరికి తలనొప్పి. అందరూ తల్లులే ఫోన్ చేస్తారు. నేనూ సరేనంటాను. వాళ్ళెవరూ ఐస్ ఎక్కరు కనక గొడవ లేదు. మీ అమ్మాయి ఎక్కుతుంది కనక నాకు భయమేసింది. నిజంగానే నమ్మాను, మీరు అబద్ధం చెప్పరు కదా అని."

ఆ చివరి మాట అతను దెప్పడానికి అనలేదు. అదే నాకు తగిలింది.

కార్లో కూర్చుని ఇంజను కూడా వేయకుండా ఆలోచించాను. ఈ ఊళ్ళో ఆ గది ఎవరికీ ఇష్టం లేదు. పిల్లలకి లేదు, తల్లులకి లేదు, మాస్టారికే లేదు. అయినా ఆ గది అలాగే ఉంది. ఎందుకంటే మేమంతా ఒక్కొక్కరం, ఒకరికి తెలియకుండా ఒకరం, మా మా పిల్లల్ని ఆ కంతలోంచి లాక్కుంటున్నాం. నా పిల్ల బయటపడితే చాలు, ఇంక ఆ గదితో నాకేం పని అనుకుంటున్నాం. లోపల మిగిలేది ఫోన్ చేసే తల్లి లేని పిల్లలు. డివిజన్ ఆఫీసుకి ఇంతకన్నా మంచి కాపలాదార్లు దొరకరు. ముప్పై ఏళ్ళు నేను ఎవరినెవరినో తిట్టాను. ఆ జాబితాలో నేను లేనని ఎంత ధీమాగా ఉన్నాను.

ఇది రాయాలి. కానీ మాట ఇచ్చాను. నాలుగు రోజులు గొంతులో పెట్టుకుని తిరిగాను. నిన్న గిన్నెలు తుడుస్తూ రోమానే అంది.

"అలా తిరగకు, కళ్ళు తిరుగుతున్నాయి. రాసుకో. కానీ నా గురించి కాదు. నీ గురించి రాయి. నువ్వు ఫోన్ చేశావని రాయి."

రాశాను. డాక్టరుని అడ్డం పెట్టుకుని అబద్ధమాడానని, నా పేరుతో, మొదటి వాక్యంలోనే రాశాను. నాలాగే ఫోన్ చేసినవాళ్ళు పేపరొచ్చే బుధవారం సాయంత్రం రింక్ మెట్ల మీదకి రమ్మని, వచ్చి ఊరికే చెయ్యెత్తమని రాశాను. ఎంతమంది వస్తారో తెలియదు. ఎవరూ రాకపోవచ్చు. పెన్నర్ గారు ఇక నా మొహం చూడకపోవచ్చు, ఊరి ఆస్పత్రి కమిటీ మీటింగులో నేను లేచి మాట్లాడితే వెనక నుంచి ఎవరైనా దగ్గుతారు, ఆయాసంగా. రోమా మాత్రం వచ్చే మంగళవారం కూడా ఆ గదిలోకే వెళ్తుంది. కుళాయి తిప్పుతుంది. దాన్ని నేను బయటికి తేలేకపోయాను. అది నీకు తెలియాలి.

పేపరు బుధవారం అచ్చవుతుంది. నీ పాత జట్టులో ఎవరో ఒకరు దాన్ని కత్తిరించి నీకు పంపేస్తారు, వాళ్ళ సంగతి నాకు తెలుసు. అది చేరకముందే ఇది నీకు చేరాలని, గార్త్‌ని రేపు పొద్దున్నే పెద్ద పోస్టాఫీసు ఉన్న ఊరిదాకా బండిలో పంపుతున్నాను.

రాయి కాలిందమ్మా. నా వైపు. చెయ్యెత్తాను. ఈ ఇంటికి ఎప్పటికీ అవతలి కెప్టెన్‌వి నువ్వే. ఉంచుతావో, తీసేస్తావో రాయి. నోరెత్తను.

ఇట్లు,
నువ్వు మూడో వరస మీద నిలబెట్టిన నీ పెద్ద కూతురు,
లేస్యా